సామ్యేలు మేస్త్రి ఇచ్చిన గ్యారంటీ

ఉప్పాడ,
జూన్ 24.

నా తల్లి వీరదుర్గకు,

ఇక్కడ మేమందరం తడవకుండా ఉన్నాం. అక్కడ జంగారెడ్డిగూడెంలో నువ్వూ, అల్లుడు సురేష్‌బాబు గారూ, పిల్లలూ కూడా పొడిగా ఉన్నారని తలుస్తాను.

తడవకుండా ఉన్నాం అని ఊరికే రాయలేదమ్మా. నిన్న మధ్యాహ్నం ఈ ఏటికి మొదటి పెద్ద వాన పడింది. అలవాటు కొద్దీ లేచి గిన్నెలు అందుకున్నాను, మంచం దగ్గర ఒకటి, బియ్యం డబ్బా పక్కన ఒకటి పెడదామని. మన కోడలు రాణి ఒకటే నవ్వు. "మావయ్యా, ఎక్కడ పెడతారండీ? కారితే కదా!" అంది. గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. డెబ్బై ఏళ్ళొచ్చాయి నాకు. నెత్తి మీద వాన చప్పుడు వింటూ, ఒంటి మీద చుక్క పడకుండా కూర్చోవడం ఇదే మొదలు. ఫోనులో నీ మాట వినపడని ఈ పాడు చెవులకి ఆ కొత్త రేకుల మీద వాన మాత్రం బ్రహ్మాండంగా వినపడింది!

సామర్లకోట నుంచి వచ్చి ఈ కప్పు వేసిన సామ్యేలు మేస్త్రి గారి గురించి ఏమని రాయను? పైకి ఎక్కే ముందు నిచ్చెన దగ్గర కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటాడు. దారం కట్టి, ఒక కన్ను మూసి చూస్తాడు. ఒక రేకు మూల గోరంత వంగిందని బండి మీద వెనక్కి పంపించేశాడు. రేకుకి కన్నం వేసినప్పుడు రాలిన ఇనప పొడిని గుడ్డతో తుడిచి జేబులో వేసుకున్నాడు తల్లీ! "ఇదేంటండీ" అంటే, "వదిలేస్తే ఈ పొడి తుప్పు పట్టి రేకుని కూడా తింటదండీ" అన్నాడు. నలభై ఏళ్ళు సముద్రం మీద వేట చేశాను, వలని ఇంత ముద్దుగా చూసుకున్నవాళ్ళు నాకు ఇద్దరో ముగ్గురో తెలుసు. రేకుని చూసుకునేవాడిని ఇప్పుడే చూశాను.

నువ్వు చెప్పావని భయపడుతూనే అడిగాను. "మేస్త్రి గారూ, మా అమ్మాయి గ్యారంటీ కాగితం మీద రాయించుకోమంది" అని. కోప్పడతాడనుకున్నా. ఆయన జేబులోంచి పెన్ను తీసి, "అడిగేవాళ్ళు లేక గానీ అండీ" అన్నాడు.

ఆ కాగితం, రేకుల కంపెనీ వాళ్ళ పచ్చ కార్డు, రెండూ అద్దం కట్టించి గంగమ్మ తల్లి పటం పక్కన పెట్టాను. పన్నెండేళ్ళు గ్యారంటీ అని పేటంతా చెప్పి వచ్చాను. అంటే నాకు ఎనభై రెండు వచ్చేదాకా పోవడానికి వీల్లేదు, కార్డు వృథా అయిపోద్ది!

ఇంగ్లీషులో ఇంకా చాలా ఉంది. రాణి ఫొటోలు తీసి నీ ఫోనుకి పంపిందట. చదివి నాకు అర్థమయ్యేలా రాయి.

నీ నాన్న,
పెదబాబు


జంగారెడ్డిగూడెం,
జూలై 2.

నాన్నా,

ఆఫీసులో ఆయిల్‌పామ్ గెలల తూకం చీటీలు రాస్తూ మధ్యలో నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పక్క సీటు ఆవిడ "ఎవరండీ, అంత నవ్వుతున్నారు" అంది. "మా నాన్న తడవలేదండీ" అన్నాను. ఆవిడకేం అర్థమవుతుంది!

ముందు ఆ కాగితాలని గోడ మీంచి దించు. గంగమ్మ తల్లికి చాలా పనులున్నాయి. బిల్లుతో కలిపి పెట్టెలో పెట్టు, ఎండ తగిలితే అక్షరాలు వెలిసిపోతాయి.

నీ దగ్గర ఉన్నది ఒక గ్యారంటీ కాదు నాన్నా, రెండు. పచ్చ కార్డు కంపెనీది. అది రేకు గురించి మాత్రమే మాట్లాడుతుంది. రేకు దానంతట అది తుప్పు పట్టి చిల్లు పడితే కొత్తది ఇస్తారు. దాన్ని ఎవరు బిగించారో, ఎలా బిగించారో వాళ్ళకి పట్టదు. తెల్ల కాగితం మేస్త్రి గారిది. అది ఆయన చేతి పని గురించి. స్క్రూ దగ్గర గానీ, రబ్బరు వాషరు దగ్గర గానీ, రెండు వైపుల రేకులూ పైన కలిసే కొప్పు దగ్గర గానీ రెండేళ్ళ లోపు కారితే ఆయనే వచ్చి బాగు చేస్తారు. రేపేదైనా అయితే ఏ కాగితం పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియకే చాలామంది రెండూ పోగొట్టుకుంటారు.

ఇక నీ పన్నెండేళ్ళ సంగతి. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో, సముద్రానికి కిలోమీటరు లోపల ఉన్న ఇళ్ళకి ఐదేళ్ళేనని ఉంది. మన గుమ్మంలో కూర్చుంటే కాళ్ళు తడిసేంత దగ్గర సముద్రం. కాబట్టి నీకు డెబ్బై ఐదు వచ్చేదాకానే. ఆ తర్వాత నీ ఇష్టం, నేనైతే వెళ్ళనివ్వను.

ఆ ఐదేళ్ళయినా నిలబడాలంటే మూడు నెలలకోసారి కప్పుని మంచినీళ్ళతో కడిగి తేదీ రాసి పెట్టుకోవాలి. పైన ఏదీ పెట్టకూడదు, కట్టకూడదు, ఆరబెట్టకూడదు. ఉప్పు తగిలినా, వేరే లోహం రాసుకున్నా చెల్లదని ప్రత్యేకంగా రాశారు. కారితే పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయాలి. ఈలోగా ఎవరో ఒకరు వచ్చి సిమెంటో, బంకో పూస్తే అంతటితో సరి. కార్డుని నెల లోపు కంపెనీలో నమోదు చేయించాలట, అది నేను ఇవాళే చేశాను.

అప్పాయమ్మ అత్తకి ఆ కప్పు మీద కన్ను పడే ఉంటుంది. జాగ్రత్త.

నీ కూతురు,
దుర్గ


ఉప్పాడ,
అక్టోబరు 30.

నా తల్లికి,

నీ ఉత్తరం కోడలి చేత రెండుసార్లు చదివించుకుని, తర్వాత నేను కూడబలుక్కుని చదువుకున్నాను. నా కడుపున లాయరు పుట్టింది! సెప్టెంబరు ఇరవైన కప్పు కడిగించాను. కొళాయి నీళ్ళు, సముద్రం నీళ్ళు కావు. నీ తమ్ముడు గణేష్‌బాబు గొట్టం పట్టుకున్నాడు, నేను కింద నిలబడి మేస్త్రీలాగా ఒక కన్ను మూసి చూశాను. తేదీ క్యాలెండరు మీద రాశాను.

నువ్వన్నట్టే మా చెల్లెలు అప్పాయమ్మ రెండు గంపల సావళ్ళ చేపలకి ఉప్పు పట్టించి ఆరబెట్టడానికి తెచ్చింది. "అన్నయ్యా, రేకు పెనంలాగా కాలతంది, ఒక్క పూటలో ఎండిపోతాయి" అని నిచ్చెన ఎక్కబోయింది. నేను అడ్డం నిలబడ్డాను. "గ్యారంటీ పోద్ది, దిగు" అన్నాను. పేటంతా వినేలా ఏమందో తెలుసా? "సముద్రానికి భయపడనోడు కాగితానికి భయపడతన్నాడర్రా!" అంది. అననీ. నా కూతురు రాసింది నాకు వేదం.

తుఫాను వచ్చి వెళ్ళింది, పేపర్లో చూసే ఉంటావు. అందరం షెల్టరులో క్షేమంగా ఉండి వచ్చాం. ఇల్లు బాగానే ఉంది. అంతే, పెద్దగా రాయడానికి ఏమీ లేదు.

ఒక్క సంగతి. తుఫాను తర్వాత నాలుగు రోజులకి కొప్పు దగ్గర చుక్క కనపడింది. చిన్నదే. గిన్నె పెట్టాను. ఎవరినీ పైకి ఎక్కనివ్వలేదు. నేనూ ఏమీ చెయ్యలేదు.

నువ్వు ఆరోగ్యం చూసుకో.

నీ నాన్న,
పెదబాబు


జంగారెడ్డిగూడెం,
నవంబరు 4.

నాన్నా,

చిన్న చుక్కయినా చుక్కే. నీ ఉత్తరం అందిన రోజునే మేస్త్రి గారికీ, కంపెనీకీ విడివిడిగా రిజిస్టరు పోస్టులో రాశాను. పదిహేను రోజుల గడువు దాటలేదు. రసీదులు నా దగ్గర ఉన్నాయి.

కంపెనీకి ఫోను కూడా చేస్తే ఒక కాగితం నింపమన్నారు. కప్పు మీద ఎవరైనా ఎక్కారా, ఏమైనా వేశారా, కట్టారా అని. నిన్ను ఎలా అడగను, ఫోనులో వినపడదు, తుఫాను తర్వాత రాణి ఫోనూ కలవడం లేదు, ఉత్తరం వచ్చేదాకా ఆగితే గడువు పోతుంది. కానీ నువ్వు రాశావు కదా, ఏమీ చెయ్యలేదని. చేపల గంప పట్టుకొచ్చిన సొంత చెల్లెలినే ఆపినవాడివి. అందుకని "ఏమీ వేయలేదు, ఇది మా నాన్నగారు చెప్పిన మాట, దీనికి నేను పూచీ" అని రాసి సంతకం పెట్టాను. అలా రాస్తుంటే నాకెంత గర్వంగా ఉందో!

వాళ్ళ మనిషి వచ్చి చూస్తారు. మేస్త్రి గారిని కూడా రమ్మన్నారు. నువ్వు దగ్గరుండు.

నీ దుర్గ


ఉప్పాడ,
నవంబరు 16.

దుర్గా,

ఈ ఉత్తరం రాయడానికి మూడు కాగితాలు చింపాను.

నిన్న కంపెనీ నుంచి ఆశాజ్యోతి గారని ఒక ఇంజినీరమ్మ వచ్చింది. చిన్నపిల్ల. నెత్తిన టోపీ, నడుముకి తాడు, చకచకా తానే ఎక్కేసింది. సామ్యేలు గారు కింద నిచ్చెన పట్టుకున్నాడు. ఆ పిల్ల దిగి వచ్చి ఫోనులో ఫొటోలు చూపించింది. సముద్రం వైపు ఎనిమిది రేకుల మీద నిలువునా గీతలు. రంగు లేచిపోయి కొన్నిచోట్ల నల్ల మరకలు. "మేస్త్రి గారూ, రేకుల్ని ఈడ్చుకుంటూ ఎక్కించారా?" అని అడిగింది.

ఆయన ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. "అలా ఈడ్చే అలవాటు నాకు లేదండీ" అన్నాడు. మళ్ళీ తనే, "గీతలైతే ఉన్నాయి కదండీ. పని నాది. నేనే చూసుకుంటాను" అన్నాడు. ఆవిడ రాసుకుంది. కారడమూ, గీతలూ రెండూ బిగింపు లోపమని. ఎనిమిది రేకులూ ఆయన సొంతంగా మార్చాలట. కంపెనీ నమ్మకంగా పని ఇచ్చే మేస్త్రీల లిస్టులోంచి ఆయన పేరు తీసేస్తారట. ముప్పై ఏళ్ళ పని తల్లీ ఆయనది. నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ గీతలు ఆయనవి కావు. నావి.

తుఫాను రోజు మధ్యాహ్నం అందరినీ షెల్టరుకి పొమ్మని మైకులో చెప్పారు. గణేష్‌బాబు పడవలు లాగడానికి వెళ్ళాడు. రాణి పిల్లల్ని తీసుకుని షెల్టరుకి వెళ్ళింది. వెనకాలే వస్తానన్నాను. ఇంతలో గాలి లేచి రేకు ఒక మూల టకటకమంది. ఇంక నా చేతులు నా మాట వినలేదు. తుఫాను వస్తుందంటే మా నాన్న, మా తాత ముందు చేసేది ఇంటి మీద వల కప్పడం. తాటాకు లేచిపోకుండా. నువ్వు పుట్టిన ఏడు వచ్చిన తుఫానుకి పేటలో మిగిలింది మూడు పాకలు, అందులో మనది ఒకటి. ఆ వల కిందే మీ అమ్మ నిన్ను పొత్తిళ్ళలో పెట్టుకుని కూర్చుంది. నాతో వేటకొచ్చే వెంకన్నని పిలిచాను. ఇద్దరం నిచ్చెన వేసి పాత పెద్ద వల కప్పేశాం. దాని అంచుకి సీసం గుళ్ళు ఉంటాయి కదా, బరువుకి బాగుంటదని వాటిని సముద్రం వైపు వేశాం. ఉప్పు నీళ్ళలో నానిన వల, సీసం గుళ్ళు, ఆ గాలి. రాత్రంతా గీరి ఉంటాయి. నేను కూడా షెల్టరుకి పోయి, తెల్లారగానే అందరికంటే ముందొచ్చి, మనవాళ్ళు తిరిగి వచ్చేలోగా తీసేసి, వెంకన్న చేత ఒట్టు వేయించుకున్నాను.

నీ ఉత్తరం ఉంది. పైన ఏదీ కట్టకూడదని రాశావు. చెల్లెలి ముందు అంత పెద్ద కబుర్లు చెప్పి, నేనే ఈ పని చేశానని నీకెలా రాయను? ఏమీ చెయ్యలేదని రాశాను. ఆ మాట నమ్మి నువ్వు సంతకం పెట్టావు.

నా సిగ్గు సంగతి సరే. నిజం చెబితే నీ మాట పోతుంది. చెప్పకపోతే ఆయన పేరు పోతుంది. అన్నం సహించడం లేదు. ఏం చెయ్యమంటావో రాయి.

నాన్న


జంగారెడ్డిగూడెం,
నవంబరు 20.

నాన్నా,

మొదటిసారి చదివినప్పుడు కోపంతో చేతిలో కాగితం నలిపేశాను. పెదబాబు కూతురినని జంగారెడ్డిగూడెంలో కూడా తల ఎత్తుకుని తిరిగేదాన్ని. ఆ కాగితం మీద పెట్టింది నా పేరు.

సాయంత్రం మళ్ళీ సాపు చేసి చదివాను. వల కప్పుతున్న నీ చేతులు కనపడ్డాయి. వాటి మీద నాకు కోపం రాలేదు. "ఏమీ చెయ్యలేదు" అని రాసిన చెయ్యి మీద మాత్రం ఇంకా ఉంది, కొన్నాళ్ళు ఉంటుంది.

నా సంతకం నేనే దిద్దుకున్నాను. ఆశాజ్యోతి గారి పేరున ఇవాళే రాశాను. "ముందు నేను రాసింది నిజం కాదు. తుఫాను రోజు కప్పు మీద వల వేశారు. గీతలు దాని వల్ల పడ్డాయి, మేస్త్రి గారి వల్ల కాదు. తెలియక సంతకం పెట్టాను, తెలిశాక ఊరుకోలేను." అంతే రాశాను. గ్యారంటీ పోతే పోనీ. గిన్నెలు ఇంకా ఇంట్లోనే ఉన్నాయి కదా.

సామ్యేలు గారికి మాత్రం నేను రాయను. రాణి చేత ఫోను చేయించకు, గణేష్‌ని పంపకు. సామర్లకోట బస్సెక్కు. పొరపాటయిందని ఒక్క ముక్కతో సరిపెట్టకు. ఏం చేశావో చెప్పు, ఎందుకు దాచావో కూడా చెప్పు.

వెళ్ళే ముందు అన్నం తిను.

దుర్గ


ఉప్పాడ,
డిసెంబరు 3.

నా బంగారు తల్లి వీరదుర్గకు,

ఎక్కడ మొదలెట్టను! ఎంత రాసినా తరగదు. నిలబడి రాస్తున్నాను, కూర్చుంటే కాళ్ళు ఆగడం లేదు.

నీ ఉత్తరం అందిన మర్నాడే అన్నం తిని వెళ్ళాను. వెంకన్న కూడా వస్తానన్నాడు. "వల సగం నేనూ మోశాను కదరా" అన్నాడు. సామ్యేలు గారు రైల్వేస్టేషను అవతల వాళ్ళ అరుగు మీద కూర్చుని పనిముట్లకి నూనె పెడుతున్నాడు. నన్ను చూసి లేచి, "ఇంకో చోట కారిందా అండీ?" అన్నాడు. అదీ ఆయన మొదటి మాట! నిలబడే అంతా చెప్పాను. దాచింది ఎందుకో కూడా చెప్పాను, నా కూతురి దగ్గర గొప్ప పోతుందని.

ఆయన నూనె గుడ్డ పక్కన పెట్టాడు. తర్వాత చెవిటివాడినని గుర్తొచ్చి దగ్గరికి జరిగి చెప్పాడు. "అప్పట్నుంచీ రోజూ ఆ రేకులన్నీ మనసులో మళ్ళీ ఎక్కిస్తన్నానండీ. ఒక్కొక్కటీ. ఎక్కడ ఈడ్చానా అని."

నా కళ్ళ నీళ్ళు ఆగలేదు. "కోపం వచ్చిందా మేస్త్రి గారూ?" అన్నాను.

"వచ్చిందండీ. బాగా వచ్చింది. టీ తాగండి" అన్నాడు.

మొన్న ఆయనా, ఆశాజ్యోతి గారూ కలిసి మనింటికి వచ్చారు. ఆ అమ్మాయి నీ రెండో ఉత్తరం సంచిలో పెట్టుకుని తెచ్చింది. "ఇలాంటి కాగితం మా ఆఫీసుకి ఇంతవరకూ రాలేదండీ, మా సారు అందరికీ చదివి వినిపించారు" అంది. వింటున్నావా? సామ్యేలు గారి ముందే, మన రాణి ముందే, గోడ అవతల చెవి పెట్టిన మీ అప్పాయమ్మ అత్త ముందే!

ఇద్దరూ పైకి ఎక్కారు. గీతలు సీసం గుళ్ళవేనని ఆ పిల్ల ఒప్పుకుంది. కారేది కూడా నా వల వల్లేనని నేను అనుకుంటూనే ఉన్నాను. సామ్యేలు గారు కొప్పు దగ్గర స్క్రూలు విప్పి, నాలుగు అరచేతిలో వేసుకుని దిగాడు. "చూడండి. కారింది ఊరి వైపు. వల పడింది సముద్రం వైపు. ఈ రబ్బర్లు నలిగి చిట్లాయి. ఆ రోజు స్క్రూలు బిగించే మిషను కొత్తది, బిగుతు ఎక్కువ పెట్టేశాను. ఎండకి నాలుగు నెలలు ఆగింది, తర్వాత తెరుచుకుంది. ఇది వల కాదండీ, ఇది నేను" అన్నాడు.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆ పిల్ల వినకుండా చిన్నగా చెబుదామనుకున్నాను గానీ, చెవిటోడి గుసగుస వీధంతా వినపడుద్ది. "ఎందుకండీ, అంతా వల వల్లే అని రాయించెయ్యండి. నేను ఒప్పుకున్నాను కదా, మీ పేరు నిలబడిపోద్ది" అన్నాను.

ఆయన నవ్వాడు తల్లీ. "మీ తప్పు మీరు బస్సెక్కి వచ్చి తీసుకెళ్ళారు. నాది కూడా మీ నెత్తినే పెట్టి పంపమంటారేంటండీ?" అన్నాడు.

నలభై ఏళ్ళలో ఎంతమంది మొనగాళ్ళతో వేటకెళ్ళాను! అలల్లో ఈదినవాళ్ళు, తెగిన తాడు పళ్ళతో పట్టినవాళ్ళు. చేతికి అందించిన సాకుని ఇలా వద్దన్న మనిషిని చూడలేదు. ఆ పూట ఆయన కొప్పు పొడుగునా రబ్బర్లన్నీ మార్చాడు, కారిన చోటే కాదు, కారని చోట కూడా. ఆశాజ్యోతి గారు పాత రిపోర్టు కొట్టేసి కొత్తది రాసింది. సముద్రం వైపు ఎనిమిది రేకులకి కంపెనీ గ్యారంటీ ఇక లేదు, అది నా వల్ల. మిగతా రేకులకి ఐదేళ్ళూ ఉంటుంది. చేతి పని గ్యారంటీ ఎప్పటిలాగే మేస్త్రి గారిది. లిస్టులో ఆయన పేరు అలాగే ఉంది. "తన లోపం తానే విప్పి చూపించాడు" అని కూడా రాసిందట, రాణి చదివి చెప్పింది. ఆ గీతల మీద తుప్పు రాకుండా రంగు వేస్తూ, "ఇది గ్యారంటీలో లేదండీ, ఇది ఊరికే" అన్నాడు సామ్యేలు గారు. బ్రష్షు నేను కూడా పట్టాను. పైకి ఎక్కనివ్వలేదు, డబ్బా అందించాను.

ఇన్నాళ్ళూ గ్యారంటీ అంటే వాళ్ళు మనకి ఇచ్చేదనుకున్నాను దుర్గా. వెళ్ళే ముందు ఆయన కొత్త తెల్లకాగితం తీసి పైసగంలో తన గ్యారంటీ మాట మళ్ళీ రాశాడు. కింద సగం ఖాళీగా వదిలి పెన్ను నా చేతిలో పెట్టాడు. "ఇక్కడ మీది రాయండి" అన్నాడు. పింఛనుకీ రేషనుకీ ఎన్ని సంతకాలు పెట్టలేదు నేను! అవన్నీ నాకు రావలసిన వాటి కోసం. నేను ఇవ్వవలసిన దాని కోసం పెట్టడం ఇదే మొదలు. నాలుగో తరగతి చదువు, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. అందరూ ఆగారు. ఆశాజ్యోతి గారు కూడా బండి స్టార్టు చెయ్యకుండా ఆగింది.

ఏం రాశావు నాన్నా అంటావు. రెండే ముక్కలు. "ఈ కప్పు మీద ఏమీ వెయ్యను. వేస్తే దాచను."

నీ నాన్న,
పెదబాబు